ఆకాశాన్ని అద్దుకున్న హోటల్: కోపెన్‌హాగెన్‌లో ఆర్నె యాకబ్సెన్ కట్టడం

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నడిబొడ్డున 1960లో తలుపులు తెరిచిన ఎస్.ఏ.ఎస్. రాయల్ హోటల్, ఇరవయ్యో శతాబ్దపు వాస్తుకళా చరిత్రలో పదేపదే ప్రస్తావనకు వచ్చే కట్టడాలలో ఒకటి. సుమారు 70 మీటర్ల ఎత్తున్న ఈ హోటల్ ఆ నగరంలోని తొలి ఆకాశహర్మ్యం కావడం ఆ ప్రస్తావనలకు ఒక కారణమే గాని, అసలు కారణం అది కాదు. అంతకన్నా ఎత్తైన భవనాలు అప్పటికే అమెరికాలో వందల సంఖ్యలో ఉన్నాయి. గాజు గోడల కట్టడాలూ కొత్తవేమీ కావు. ఈ హోటల్ విశిష్టత ఏమిటంటే, వీధిలోంచి కనబడే వెలుపలి గోడ మొదలుకొని అతిథి చేతికందే చెంచా వరకు, తలుపు పిడి, దీపం, కుర్చీ, తెరగుడ్డ, గాజు పాత్ర ఏదైనా సరే ఒకే వాస్తుశిల్పి ఆలోచనలోంచి పుట్టడం. ఆ శిల్పి పేరు ఆర్నె యాకబ్సెన్. భవనం మొత్తాన్ని ఒకే కళాఖండంగా ఊహించి నిర్మించిన ఈ ప్రయత్నం ఎలా సాధ్యమైందో, అందులో ఏది నిలిచి ఏది చెదిరిపోయిందో తెలుసుకుంటే, ఆధునిక వాస్తుకళ బలమూ బలహీనతా రెండూ ఒకేచోట బోధపడతాయి.

హోటల్ పేరులోని ఎస్.ఏ.ఎస్. అన్నది స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ సిస్టమ్ అనే విమానయాన సంస్థకు సంక్షిప్త రూపం. డెన్మార్క్, నార్వే, స్వీడన్ దేశాల విమాన సంస్థలు 1946లో చేతులు కలిపి దీనిని ఏర్పరచుకున్నాయి. ఈ సంస్థ 1954లో కోపెన్‌హాగెన్ నుంచి గ్రీన్‌లాండ్ మీదుగా లాస్ ఏంజెలిస్‌కు, 1957లో అలాస్కాలోని యాంకరేజ్ మీదుగా టోక్యోకు విమానాలు నడపడం మొదలుపెట్టింది. ధ్రువ ప్రాంతపు గగనతలాన్ని దాటుతూ సాగే ఈ దారులు ఖండాల మధ్య దూరాన్ని బాగా తగ్గించడంతో, యూరప్ పటంలో ఒక మూలన ఉన్న కోపెన్‌హాగెన్ ఒక్కసారిగా ప్రపంచ ప్రయాణికుల కూడలిగా మారింది. యుద్ధం ముగిశాక యూరప్ చూడటానికి వచ్చే అమెరికన్ల సంఖ్య పెరుగుతూ ఉండగా, వారికి అలవాటైన వసతులున్న హోటళ్ళు అన్నిచోట్లా చాలినన్ని లేవు. ఈ అవసరాన్ని ముందుగా గుర్తించినవి విమాన సంస్థలే. పాన్ అమెరికన్ సంస్థ 1946లోనే ఇంటర్‌కాంటినెంటల్ పేరిట ఒక హోటల్ సంస్థను స్థాపించింది. మరోవైపు హిల్టన్ సంస్థ 1949లో ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లోనూ, 1955లో ఇస్తాంబుల్‌లోనూ కొత్త శైలి హోటళ్ళను తెరిచి, ఆధునిక వాస్తుకళకూ అంతర్జాతీయ ప్రయాణానికీ విడదీయరాని సంబంధం ఏర్పరిచింది. ఎస్.ఏ.ఎస్. సంస్థ తన రాజధాని హోటల్‌ను తలపెట్టింది ఈ వాతావరణంలోనే. అయితే పరదేశపు నమూనాను తెచ్చి నాటకుండా, తమ దేశపు వాస్తుశిల్పి చేతిలో ఆ పని పెట్టడం ఆ సంస్థ చేసిన గొప్ప నిర్ణయమని చెప్పాలి.

ఎంచుకున్న స్థలం సున్నితమైనది. 1843లో వెలసిన తివోలి ఉద్యానవనం, నగరపు ప్రధాన రైల్వే స్టేషన్, మార్టిన్ న్యూరోప్ రూపొందించగా 1905లో ప్రారంభమైన ఎర్ర ఇటుకల నగర సభాభవనం, ఇవన్నీ ఆ పరిసరాలలోనివే. కోపెన్‌హాగెన్‌ను దూరం నుంచి చూసేవారికి శతాబ్దాలుగా కనబడుతూ వచ్చినది బల్లపరుపు ఇళ్ళ కప్పుల మీదుగా అక్కడక్కడ పైకి లేచే చర్చి శిఖరాల, రాజప్రాసాద శిఖరాల వరుస. రాగి రేకుల కప్పులు కాలక్రమాన ఆకుపచ్చబారి ఆ శిఖరాలకు ఒక ప్రత్యేకమైన వన్నె తెచ్చాయి. నగరవాసులు తమ ఊరి రూపురేఖగా ప్రేమించుకునే ఆ వరుసలో, శిఖరమంటూ లేని, పలకలాంటి ఒక నిలువు దిమ్మె వచ్చి నిలబడబోతున్నదన్న వార్త చాలామందిని కలవరపెట్టడం సహజమే.

పని అప్పగింపు జరిగేనాటికి యాకబ్సెన్ యాభయ్యో పడి దాటిన ప్రసిద్ధుడు. 1902లో కోపెన్‌హాగెన్‌లో జన్మించి, తాపీపని నేర్చుకొని, ఆ తరువాత డెన్మార్క్ రాచరికపు లలితకళల అకాడెమీలో వాస్తువిద్య పూర్తిచేసినవాడు. 1930లలో నగరానికి ఉత్తరాన క్లాంపెన్‌బోర్గ్ సముద్రతీరంలో ఆయన కట్టిన బెల్లావిస్టా గృహసముదాయం, తెల్లని గోడలతో, సముద్రం వైపు తెరుచుకునే కిటికీలతో డెన్మార్క్‌కు ఆధునిక శైలిని పరిచయం చేసిన కట్టడాలలో ఒకటి. ఎరిక్ మోలర్‌తో కలిసి ఆర్హూస్ నగర సభాభవనాన్ని నిర్మించినదీ ఆయనే. యూదు కుటుంబంలో పుట్టినందువల్ల, నాజీ జర్మనీ ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో 1943లో యూదుల నిర్బంధం మొదలైనప్పుడు ఆయన చిన్న పడవలో జలసంధి దాటి స్వీడన్ చేరవలసి వచ్చింది. ప్రవాసంలో కట్టడాల పని దొరకని ఆ రోజుల్లో ఆయన, వస్త్రాలపై అచ్చువేయడంలో నిపుణురాలైన భార్య యొన్నాతో కలిసి, ఆకులు, పూలు, పొదల నమూనాలతో బట్టలూ గోడకాగితాలూ రూపొందించాడు. మొక్కల మీద ఆయనకున్న మక్కువ జీవితాంతం నిలిచింది. హోటల్‌లోనూ ఆ మక్కువ ఒక ముఖ్యమైన చోట బయటపడింది.

కట్టడ రూపం వినడానికి సులువైనది. వీధి వెంబడి అడ్డంగా పరుచుకున్న తక్కువ ఎత్తు భాగం ఒకటి. దాని మీద నిలువుగా లేచిన పలుచని దిమ్మె మరొకటి. కింది భాగాన్ని వాస్తుశాస్త్రంలో పీఠం అంటారు. జనం వచ్చిపోయే పనులన్నీ పీఠంలోనూ, ఏకాంతం కోరే పడకగదులన్నీ దిమ్మెలోనూ ఉండటం వల్ల, లోపలి వినియోగమే వెలుపలి ఆకారాన్ని నిర్ణయించింది. ఈ పొందికకు పూర్వరూపం న్యూయార్క్ నగరంలో 1952లో పూర్తయిన లీవర్ హౌస్. స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థకు చెందిన గోర్డన్ బన్‌షాఫ్ట్ రూపొందించిన ఆ కార్యాలయ భవనం ప్రభావాన్ని యాకబ్సెన్ దాచుకోలేదు, దాచుకోవలసిన అవసరమూ లేదు. ఒక తరం వాస్తుశిల్పులందరూ నేర్చుకున్న పాఠమది. ఎవరు దానిని ఏ మేరకు తమదిగా చేసుకున్నారన్నదే పరిశీలించవలసిన విషయం.

ఆ పాఠంలో ప్రధానాంశం తెరగోడ అనే నిర్మాణ పద్ధతి. పూర్వపు కట్టడాలలో ఇటుక గోడో రాతి గోడో పై అంతస్తుల బరువును మోస్తూ ఉండేది కాబట్టి, ఎత్తు పెరిగేకొద్దీ కింది గోడ మందం పెరిగేది, కిటికీలకు చోటు తగ్గేది. ఉక్కు చువ్వలు పొదిగిన కాంక్రీటు వాడుకలోకి వచ్చిన తరువాత ఆ భారమంతా లోపలి చట్రం మీదికి మారింది. అప్పుడు వెలుపలి గోడకు మోయవలసిన పని మిగలలేదు. ఎండ, వాన, గాలి లోపలికి రాకుండా ఆపితే చాలు. ప్రతి అంతస్తు అంచునా తగిలించిన లోహపు పట్టీల మధ్య గాజు పలకలు బిగించి భవనం చుట్టూ ఒక పలుచని పొరలా దించిన గోడనే తెరగోడ అంటారు. యాకబ్సెన్ ఈ పద్ధతిని 1955లో కోపెన్‌హాగెన్‌లోని యెస్పర్సెన్ కార్యాలయ భవనంలోనూ, 1956లో పూర్తయిన రోడోవ్రె పురపాలక భవనంలోనూ సాధన చేశాడు. హోటల్‌కు వచ్చేసరికి ఆయన దృష్టి పట్టీలు ఎంత సన్నగా ఉండాలి, వాటి మధ్య దూరం ఎంత ఉండాలి, గాజు రంగు ఏది కావాలి అన్న మూడు ప్రశ్నల మీద నిలిచింది.

రంగు విషయంలో ఆయన తీసుకున్న నిర్ణయం ఈ కట్టడానికి ప్రాణం పోసింది. కిటికీ గాజుకూ, కిటికీల నడుమ నిండుగా ఉండే పలకలకూ బూడిద, ఆకుపచ్చ కలిసిన లేత వర్ణాలను ఎంచుకోవడంతో, అల్యూమినియం పట్టీల సన్నని గీతల మధ్య ఆ గోడ ఉత్తరదేశపు ఆకాశాన్ని తనలోకి తీసుకుంటుంది. మబ్బుపట్టిన రోజున గోడ బూడిద రంగులోకి ఒదిగిపోయి దాదాపు కనబడకుండా పోతుంది. మబ్బు విడిచి ఎండ పడగానే నీలిమ పరుచుకుంటుంది. పీఠాన్ని మాత్రం ముదురు రంగులో ఉంచడం వల్ల పైనున్న దిమ్మె బరువు లేనిదానిలా తోస్తుంది. ఎత్తైన కట్టడం నగరం మీద పెత్తనం చేస్తుందన్న భయానికి ఆయన ఇచ్చిన జవాబు ఎత్తు తగ్గించడం కాదు, బరువు కనబడనీయకపోవడం. ఈ జవాబు పూర్తిగా ఒప్పుకోదగినదా అంటే, శిఖరాల వరుసకు భంగం కలిగిందన్న ఆక్షేపణ అక్షరాలా నిజమే. కానీ ఆ తరువాతి దశాబ్దాలలో ఇంతకన్నా పొట్టివైనా మొరటుగా లేచిన భవనాలతో పోల్చి చూసినప్పుడు ఈ గోడలోని సంయమనం విలువ తెలుస్తుంది.

నాటి విమర్శకులు ఆ విలువను వెంటనే గుర్తించలేదు. పత్రికలు హోటల్‌ను కంప్యూటర్లకు సమాచారం అందించే రంధ్రాల అట్టముక్కతో పోల్చాయి. వేసవిలో అక్కడక్కడ కిటికీలు తెరిచినప్పుడు భవనం నిజంగానే అలా కనబడుతుందని ఒప్పుకొనే సౌమ్యత యాకబ్సెన్‌కు ఉండేది. అయితే విమర్శకులు చూసినది వెలుపలి గోడను. హోటల్ అసలు కథ లోపల ఉంది.

పీఠంలో హోటల్ ప్రవేశశాలతో పాటు విమానయాన సంస్థ నగర కేంద్రం కూడా ఉండేది. ప్రయాణికులు తమ సామాను అక్కడే అప్పగించి, ప్రయాణ లాంఛనాలు ముగించుకొని, బస్సులో కాస్ట్రుప్ విమానాశ్రయానికి వెళ్ళే ఏర్పాటు అది. ఆ రోజుల్లో విమానయానం ఒక వేడుక. ఆ వేడుక విమానం మెట్ల దగ్గర కాక నగరం నడిమధ్యనే మొదలయ్యేది. హోటల్ ప్రవేశశాలలో నిలువు స్తంభాల మీద ఆధారపడకుండా, పైకప్పు నుంచి సన్నని ఉక్కు కమ్మీలతో వేలాడదీసిన వంపు మెట్లు నేటికీ చూపరులను నిలబెడతాయి. మెట్ల కింద ఆధారం కనబడనందువల్ల, గట్టి వస్తువులతో చేసినదైనా ఆ వంపు గాలిలో గీసిన గీతలా ఉంటుంది.

ప్రవేశశాలను ఆనుకొని ఉండిన శీతకాలపు తోట ఆ అంతస్తులో అన్నిటికన్నా సాహసమైన కల్పన. శీతకాలపు తోట అంటే చలి దేశాలలో సున్నితమైన మొక్కలను బతికించుకోవడానికి గాజుతో మూసిన వెచ్చని గది. యాకబ్సెన్ ఆ గది గోడలను రెండేసి గాజు పొరలతో కట్టించి, పొరల మధ్య ఖాళీలో ఆర్కిడ్ పూమొక్కలను వేలాడదీయించాడు. వేలాడే పూలే గోడగా మారిన గదిలో, పైకప్పు నుంచి దిగే వెలుతురులో కూర్చునే ఏర్పాటు అది. చలికాలంలో పగలు కొన్ని గంటలకే ముగిసే దేశంలో వెలుతురుకూ పచ్చదనానికీ ఎంత ఆకలి ఉంటుందో తెలిసిన శిల్పి మాత్రమే ఆ గదిని ఊహించగలడు. ప్రవాసంలో ఆకులూ పూలూ గీస్తూ గడిపిన సంవత్సరాలు ఇక్కడ గోడగా నిలిచాయి. ఆ తోట తరువాతి మార్పులలో కనుమరుగైపోవడం ఈ హోటల్ చరిత్రలో పూడ్చలేని నష్టం.

ఇక కుర్చీల సంగతి. ఈ హోటల్ పేరు వినని వారికి కూడా దాని కుర్చీలు పరిచయమే. గుడ్డు అనే పేరున్న ఎత్తు వీపు కుర్చీ, హంస అనే పేరున్న విచ్చుకున్న రెక్కల కుర్చీ, బిందువు అనే పేరున్న చిన్న కుర్చీ, ఈ మూడూ ఈ హోటల్ కోసమే 1958లో రూపుదిద్దుకున్నాయి. ఫ్రిట్జ్ హాన్సెన్ అనే డెన్మార్క్ ఫర్నిచర్ సంస్థ వీటిని తయారుచేసింది. అంతకు ముందు ఆ సంస్థ కోసం యాకబ్సెన్ రూపొందించిన 1952 నాటి చీమ కుర్చీ, 1955 నాటి ఏడో వరుస కుర్చీ పలుచని చెక్క పొరలను అతికించి వంచినవి. వంచిన చెక్క ఒక వైపుకు హాయిగా తిరుగుతుంది గాని, గిన్నెలా అన్ని వైపులకూ ఒకేసారి తిరగడానికి ఒప్పుకోదు. హోటల్‌కు ఆయన ఊహించిన ఆకారాలు అలా అన్ని వైపులకూ తిరిగేవే కనుక, నురగలా ఉబ్బి అచ్చులో గట్టిపడే ప్లాస్టిక్‌తో పెంకు తయారుచేసే కొత్త పద్ధతిని ఆశ్రయించవలసి వచ్చింది. ఆయన తన ఇంటి గ్యారేజీలో తీగెల మీద ప్లాస్టర్ మెత్తి, తీసి, మళ్ళీ మెత్తి శిల్పం చెక్కినట్టుగా ఆ ఆకారాలను కుదుర్చుకున్నాడు. పెంకు సిద్ధమైన తరువాత దాని మీద బట్టనో తోలునో ఒక్క ముడత కూడా రాకుండా చేతితో కుట్టి బిగించడం కుట్టుపనివారి నైపుణ్యానికి గట్టి పరీక్ష.

నిలువు గీతలూ అడ్డ గీతలూ తప్ప మరొకటి లేని భవనంలో ఈ వంపు ఆకారాలు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కుర్చీలో కూర్చుంటే దొరుకుతుంది. ప్రవేశశాల బహిరంగ స్థలం. పదిమంది నడుస్తూ, మాట్లాడుతూ ఉంటారు. గుడ్డు కుర్చీ వీపు తలకన్నా పైకి లేచి, రెండు పక్కలా ముందుకు వంగి, కూర్చున్న మనిషి చుట్టూ ఒక చిన్న గదిని కడుతుంది. కింద తిరిగే లోహపు కాలు ఉండటం వల్ల ఆ మనిషి కావాలనుకుంటే శాల వైపు, వద్దనుకుంటే గోడ వైపు తిరగవచ్చు. అడ్డుగోడలు కట్టకుండానే ఏకాంతాన్ని ఇచ్చిన ఈ ఉపాయం అలంకరణ కాదు, వాస్తుకళే. కొలబద్దతో గీసిన కట్టడానికి మనిషి దేహం మెత్తదనాన్ని గుర్తుచేసే బాధ్యతను యాకబ్సెన్ కుర్చీలకు అప్పగించాడు. ఈ కుర్చీలను వేరుచేసి ఒంటరిగా ప్రదర్శనశాలల్లో ఉంచినప్పుడు అవి అందంగానే ఉంటాయి గాని, అవి దేనికి జవాబుగా పుట్టాయో ఆ గీతలు వెనుక లేనందువల్ల సగం అర్థం పోతుంది.

ప్రారంభంలో హోటల్‌లో 275 గదులుండేవి. అవి విశాలమైనవి కావు. చిన్న గదిలో వస్తువులు నేల మీద నిలబడితే నడవడానికి చోటుండదు కాబట్టి, గోడ వెంబడి ముదురు వన్నె చెక్క పలకలు బిగించి, వాటికి అమర్చిన పట్టీ మీద దీపాలు అటూ ఇటూ జరిగే ఏర్పాటు చేశారు. అవసరమైనప్పుడు తెరుచుకొని, పని ముగియగానే గోడలోకి మడిచివేసే అలంకరణ బల్ల ఒకటి ఆ పలకలలోనే ఇమిడి ఉండేది. తెరలూ, తివాచీలూ, కుర్చీల బట్టలూ ఆకుపచ్చ నీలాల ఛాయలలో ఉండటం వల్ల, వెలుపలి గోడ రంగే లోపలికి ప్రవహించినట్టుండేది. పడక మీద మేలుకొన్న అతిథి కిటికీలోంచి చూసే ఆకాశమూ, గదిలోని రంగులూ ఒకదానికొకటి అందేలా కూర్చిన గదులవి.

చిన్న వస్తువుల మీద కూడా అదే శ్రద్ధ. పిడికిలి లోపలి ఆకారాన్ని అనుసరించి వంగిన తలుపు పిడి, వాలుగా కోసిన టోపీ లాంటి మూతతో వెలుతురును ఒకే వైపుకు పంపే దీపం, నగిషీ అన్నదే లేకుండా ఒకే తీరున సాగే కత్తి, ముల్లు, చెంచా, ఇవన్నీ ఈ హోటల్ సందర్భంలో వాడుకలోకి వచ్చినవే. బల్ల దీపం అడుగు పలకలో ఒక గుండ్రని రంధ్రం ఉంటుంది. బూడిద గిన్నెను అందులో ఇమడ్చడానికి చేసిన ఏర్పాటది. భోజన సామగ్రి ఆకారం ఎంత కొత్తగా ఉండేదంటే, స్టాన్లీ కూబ్రిక్ 1968లో తీసిన అంతరిక్ష చిత్రం 2001: ఎ స్పేస్ ఒడిస్సీలో భవిష్యత్ మానవులు భోజనానికి వాడే సామగ్రిగా దానినే ఎంచుకున్నారు.

ఇంతటి ఏకహస్త నిర్వహణ మంచిదేనా అన్న శంక రావచ్చు. అతిథి తన ఇష్టానికి ఒక్క వస్తువునైనా మార్చుకోలేని గది మనిషిని అణచివేస్తుందని ఆధునికవాదం మీద తరచుగా వినబడే ఆరోపణ. ఇంటి విషయంలో ఈ మాటకు బలముంది, ఎందుకంటే ఇల్లు నివసించేవారితో పాటు పెరిగి మారవలసినది. హోటల్ గది ఒకటి రెండు రాత్రుల నివాసం. అక్కడ అన్నీ ఒక ఆలోచనకు లోబడి ఉండటం అతిథికి బరువు కాదు, విశ్రాంతి. ఇదే కాలంలో, 1956లో, ఢిల్లీలో యునెస్కో మహాసభ సందర్భంగా వెలసిన అశోక హోటల్, కొత్త నిర్మాణ పద్ధతులకు భారతీయ వాస్తు సంప్రదాయపు జాలీలనూ చత్రీలనూ జోడించి స్వతంత్ర దేశపు ఆతిథ్యాన్ని మరో భాషలో చెప్పింది. ఆ హోటల్ దేశ చరిత్రను ముఖభాగం మీద నిలిపితే, కోపెన్‌హాగెన్ హోటల్ తన దేశపు చేతిపనిని లోపలి వస్తువులలో దాచింది. కుట్టుపని, చెక్కపని, లోహపుపనిలో డెన్మార్క్‌కు ఉన్న నైపుణ్యమే లేకుంటే యాకబ్సెన్ గీతలు కాగితం దాటేవి కావు.

హోటల్ నడపడం వ్యాపారం. అతిథుల అభిరుచులు మారినప్పుడల్లా, బట్టలు మాసినప్పుడల్లా యాజమాన్యాలు గదులను కొత్తగా తీర్చుతూ వచ్చాయి. ఒక్కొక్కసారి ఒక్కొక్కటిగా జరిగిన ఈ మార్పులలో ఏ ఒక్కటీ ఘోరమైనదిగా కనబడకపోయినా, కొన్ని దశాబ్దాలు గడిచేసరికి మొదటి గదుల సమగ్రత చెదిరిపోయింది. కట్టడాన్ని కాపాడటమంటే గోడను కాపాడటమేనన్న సాధారణ భావన ఇలాంటి చోట ఎంత చాలనిదో ఇక్కడ స్పష్టమవుతుంది. గోడ నిలిచింది, గోడకు అర్థమిచ్చిన లోపలి ప్రపంచం జారిపోయింది. అయితే ఆరో అంతస్తులోని 606వ నంబరు గదిని మాత్రం యాకబ్సెన్ కూర్చిన తీరులోనే, ఆకుపచ్చ నీలాల బట్టలతో, చెక్క పలకలతో, ఆ కాలపు కుర్చీలతో భద్రపరిచారు. చిత్రమేమిటంటే, హోటల్‌లో చెదిరిపోయిన వస్తువులే ప్రపంచమంతటా వ్యాపించాయి. గుడ్డు, హంస కుర్చీలు నేటికీ ఉత్పత్తిలో ఉన్నాయి. చాలాకాలం ఆగిపోయిన బిందువు కుర్చీని 2014లో మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టారు.

యాకబ్సెన్ ఆ తరువాత ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ క్యాథరిన్స్ కళాశాలను, అక్కడా తోట మొదలుకొని భోజనశాల కుర్చీల దాకా తానే రూపొందించి పూర్తిచేశాడు. డెన్మార్క్ జాతీయ బ్యాంకు భవనం నిర్మాణం సాగుతుండగానే 1971లో మరణించాడు. హోటల్ చేతులు మారి, పేరు మారి, నేడు రాడిసన్ కలెక్షన్ రాయల్ హోటల్‌గా నడుస్తున్నది. స్పేస్ కోపెన్‌హాగెన్ అనే రూపకల్పన సంస్థ 2018లో పూర్తిచేసిన పునరుద్ధరణలో 261 గదులకు యాకబ్సెన్ కుర్చీలు తిరిగి వచ్చాయి. అది నకలు తీసే పని కాదు, పాత ఆలోచనకు కొత్త కాలపు అవసరాలను సర్దే పని. చెదిరిన సమగ్రతను అది పూర్తిగా తిరిగి తేలేదు, తేవడం సాధ్యమూ కాదు. కానీ ఆ పనికి పూనుకున్నవారికి ఊహించుకోవలసిన అవసరం లేకుండా, కొలిచి చూసుకోవడానికి ఒక అసలు గది మిగిలి ఉంది. పాత కట్టడాల బాగుచేతను చేపట్టే యాజమాన్యాలు ఎక్కడివారైనా, పని మొదలుపెట్టే ముందు కనీసం ఒక్క గదిని ఉన్నదున్నట్టుగా విడిచిపెట్టాలి.